అప్‌డేట్: పీహెచ్‌సీలో ల్యాబ్‌కీ ఏఎన్‌ఎంలకీ గొడవ అని అడిగాను కదా, తేలింది

మా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) గర్భిణుల రక్తపరీక్ష రిపోర్టులు ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంలకు ఆలస్యంగా అందుతున్నాయి, అడిగితే ల్యాబ్ టెక్నీషియన్‌తో గొడవ, ఏం చేయాలి అని అడిగిన స్టాఫ్ నర్సుని. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది 'ముందు మెడికల్ ఆఫీసర్‌తో అందరినీ కూర్చోబెట్టండి' అన్న సలహా. మేడమ్ తప్పెవరిదని అడగలేదు, రిపోర్టు ఎక్కడ ఆగుతోందో చూద్దామన్నారు. మామూలుగా గోడవారగా నిలబడే ఆశా కార్యకర్తలనే ముందు మాట్లాడమన్నారు. చివరికి చూస్తే రిపోర్టులన్నీ సంతకం కోసం ఓపీ టేబుల్ మీద ఫైల్లో ఉంటున్నాయి. మా దగ్గర రెండో డాక్టరు పోస్టు ఖాళీ కాబట్టి, మేడమ్ 104 బండితో (ఊళ్లకు వెళ్లి వైద్యం చేసే సంచార వాహనం) ఊళ్లకు వెళ్లిన రోజు అవి కదలవు. పాపం, టెక్నీషియన్ చేసిందేమీ లేదు. 'అయితే ఆలస్యం నా దగ్గరే' అని మేడమే అనేసరికి సగం టెన్షన్ తగ్గింది.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తక్కువ వస్తే, అంటే తీవ్ర రక్తహీనత ఉంటే, సంతకం కోసం ఆగకుండా టెక్నీషియనే ఆ ఊరి ఏఎన్‌ఎంకి ఫోన్ చేస్తారు. అలా చేయొచ్చని మేడమ్ రాసిచ్చారు. నెలనెలా 9న జరిగే గర్భిణుల క్యాంపుకి ముందు పెండింగ్ లిస్టు అందరం కలిసి చూస్తున్నాం.

ఈ గొడవ తీరడానికి పెట్టుకున్న కొత్త వాట్సాప్ గ్రూపు వల్ల గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఒరిగిందేమీ లేదు. జిల్లా ఆఫీసుకి ఫిర్యాదు చేసే అవసరమే పడలేదు. సబ్‌సెంటర్ల నుంచి శాంపిళ్లు మాత్రం ఇంకా ఆలస్యంగానే వస్తున్నాయి, అది బస్సు టైమింగులతో వచ్చిన చిక్కు.