కుబ్రిక్ తన సినిమాను తానే బ్రిటన్ తెరల మీద నుంచి తీసేయించడం సబబేనా?

రెండో ఆట:
స్టాన్లీ కుబ్రిక్ 1971లో తీసిన 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్'ను నిన్న రాత్రి మూడోసారి చూశాను. సినిమా బాగోగుల గురించి కాదు, ఆ తరువాత ఆ దర్శకుడు చేసిన ఒక పని గురించి మిత్రుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. అలెక్స్ అనే కుర్రాడు తన ముఠాతో రాత్రిపూట ఇళ్లలో జొరబడి కొడతాడు, అత్యాచారం చేస్తాడు, చివరికి ఒక ప్రాణం తీసి జైలుకు వెళతాడు. త్వరగా బయటపడవచ్చన్న ఆశతో ప్రభుత్వం చేపట్టిన ఒక చికిత్సకు ఒప్పుకుంటాడు. ఆ చికిత్స పూర్తయ్యాక, చెయ్యెత్తాలన్న తలపు వస్తే చాలు, కడుపులో దేవి కుప్పకూలిపోతాడు.

బ్రిటన్‌లో ఈ సినిమా 1972 జనవరిలో విడుదలైంది. సెన్సారు వారు ఒక్క కత్తిరింపు కూడా లేకుండా, 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే అన్న సర్టిఫికెట్ ఇచ్చారు. తరువాత కుర్రాళ్ల నేరాలు కోర్టుకెక్కినప్పుడల్లా ఈ సినిమా పేరు వినిపించసాగింది. బ్లెచ్లీలో 16 ఏళ్ల కుర్రాడు ఇల్లూ వాకిలీ లేని ఒక వృద్ధుణ్ణి కొట్టి చంపిన కేసు వాటిలో ముఖ్యమైనది. ఆ సినిమా గురించి స్నేహితులు చెప్పగా విన్నానని అతడు పోలీసులతో అన్నాడు. ఇదంతా జరుగుతుండగా కుబ్రిక్ కోరిక మేరకు వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్రిటన్‌లో సినిమాను మెల్లగా ఆపేసింది. ఒక ప్రకటన లేదు, ఒక వివరణ లేదు. 1999 మార్చిలో ఆయన పోయిన తరువాత, మరుసటి ఏడాది మార్చిలో గాని అది మళ్లీ అక్కడి తెరల మీదికి రాలేదు.

ఏ కళాఖండమూ సమాజానికి హాని చేయలేదనీ, కళ నుంచి సమాజాన్ని కాపాడతామని బయలుదేరినవారే ఎంతో హాని చేశారనీ విమర్శకుడు మిషెల్ సీమాన్‌తో చెప్పినది ఈ కుబ్రిక్కే. అంత గట్టిగా నమ్మిన మనిషి మౌనంగా సినిమాను వెనక్కి తీసుకుంటే జనం ఏమనుకుంటారు? నేరం ఒప్పుకున్నాడనే అనుకుంటారు. నా దృష్టిలో ఆయన చేసినది తప్పు.

వేపచెట్టు నీడ:
రెండో ఆట గారూ, మీరు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. కుబ్రిక్ అమెరికాలో పుట్టినా 1960ల మొదటి నుంచీ ఇంగ్లండులోనే భార్యతోనూ ముగ్గురు ఆడపిల్లలతోనూ కాపురముంటున్నాడు. ఇంటికి బెదిరింపులు వచ్చాయనీ, పోలీసుల సలహా కూడా ఆ నిర్ణయానికి కారణమనీ ఆయన భార్య క్రిస్టియానే తరువాత చెప్పింది. అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ సినిమా ఆడుతూనే ఉంది. తాను ఉంటున్న దేశంలో మాత్రమే ఆపాడు. ఇది సిద్ధాంతానికి సంబంధించిన మాట కాదు, ఇంటి గడపకు సంబంధించిన మాట. పైగా దీనిని నిషేధమనడం కూడా సరికాదు. ఎంచుకునే స్వేచ్ఛ పోయిన మనిషి మనిషే కాడని సినిమాలో జైలు మతగురువు అంటాడు కదా, తన సినిమాను ఆడించాలా వద్దా అన్నది కుబ్రిక్ తానే ఎంచుకున్నాడు. అదే పని ప్రభుత్వం చేసి ఉంటే మీతో పాటు నేనూ వ్యతిరేకించేవాణ్ణి.

పాత రీలు:
సినిమాను ఆపడం గురించి ఇద్దరూ బాగా చెప్పారు గాని, అసలు తప్పు సినిమాలోనే ఉందని నా వాదన. ఈ సినిమాకు మూలమైన ఆంథొనీ బర్జెస్ 1962 నాటి నవలలో అలెక్స్ తన గదికి తీసుకుపోయి మత్తిచ్చి చెరిచే ఇద్దరూ పదేళ్ల పసిపిల్లలు. తెరమీద వాళ్లు ఇష్టపడి వచ్చిన పెద్ద పిల్లలయ్యారు. ఆ దృశ్యాన్ని ఇటలీ స్వరకర్త రొసీని సంగీతం మీద వేగంగా తిప్పి నవ్వులాటగా మార్చారు. అలెక్స్ చంపే మనిషి నవలలో పిల్లులతో ఒంటరిగా బతికే ముసలమ్మ. సినిమాలో ఆమె ఇల్లంతా అశ్లీల చిత్రాలు పెట్టుకున్న గయ్యాళి. అలెక్స్‌ను ముద్దుగా చూపించడం కోసం బాధితులను వికారంగా చేశారన్న అమెరికా సినీ విమర్శకురాలు పాలీన్ కేల్ మాటను ఎవరూ కొట్టిపారేయలేరు.

నవల 21వ అధ్యాయంలో అలెక్స్‌కు 18 ఏళ్లు వస్తాయి, కొట్లాటల మీద విసుగు పుడుతుంది, తనకూ ఒక కొడుకు ఉంటే బాగుండునని అనుకుంటాడు. అప్పటి అమెరికా ముద్రణలో ఆ అధ్యాయం లేదు. కుబ్రిక్ దానిని చదివేసరికి స్క్రీన్‌ప్లే దాదాపు పూర్తయింది. చదివాక కూడా నమ్మశక్యంగా లేదని పక్కన పెట్టాడు. కుర్రాడు ఎదుగుతాడన్న మాటనే తీసేసి, తరువాత కుర్రాళ్ల పేరుతో గొడవ వచ్చిందని సినిమాను దాచడంలో ఏమి న్యాయముంది?

రెండో ఆట:
పాత రీలు గారూ, ఆ ఇద్దరు పిల్లల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, ఆ దృశ్యం నాకూ మింగుడుపడదు. అయితే బాధితుల పట్ల ఈ సినిమాకు జాలి లేదని మాత్రం ఒప్పుకోలేను. సినిమాలో ఒక రచయిత ఇంట్లోకి ముఠా జొరబడినప్పుడు అలెక్స్ 'సింగిన్ ఇన్ ద రెయిన్' పాడుతూ, నేలమీద పడి ఉన్న ఆ మనిషిని పాట దరువుకు తగ్గట్టు తంతాడు. రచయిత నోట్లో బంతి కుక్కి టేపు చుట్టి ఉంటుంది, కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. చాలాసేపటి తరువాత, దెబ్బలు తిని దిక్కులేక అదే ఇంటికి చేరిన అలెక్స్ స్నానాల తొట్టిలో పడుకుని ఏమీ ఎరగనట్టు అదే పాట అందుకుంటాడు. తలుపు బయట, చక్రాల కుర్చీలో, రచయిత ముఖం మెలితిరిగిపోతుంది. కొట్టినవాడికి లెక్కలేని రాత్రి దెబ్బ తిన్నవాడి ఒంట్లో ఎలా మిగిలిపోతుందో ఇంతకన్నా సూటిగా చూపిన దృశ్యం నాకు తెలియదు. బ్రిటన్‌లో ఒక తరం కుర్రాళ్లకు సినిమా గురించిన పుకారు మిగిలింది గాని ఈ ముఖం అందలేదు. బ్లెచ్లీ కుర్రాడి దగ్గర ఉన్నదీ విన్న మాటే.

వేపచెట్టు నీడ గారూ, కుటుంబానికి భయం ఉన్న రోజుల్లో ఆపడం తప్పని ఇక అనను. కాని లండన్‌లో కింగ్స్ క్రాస్ దగ్గర స్కాలా అనే చిన్న సినిమాహాలు అనుమతి లేకుండా ఈ సినిమా వేసినందుకు కోర్టుకెక్కి ఓడిపోయి, 1993లో మూతపడింది. ఇరవై ఏళ్లు గడిచాక కూడా అంత పట్టుదల ఎందుకు?

వేపచెట్టు నీడ:
స్కాలా సంగతికి నా దగ్గర సమాధానం లేదు, అది నన్నూ బాధించేదే. కాని మీరు చెప్పిన ఆ పాట విషయంలోనే ఒక మాట ఉంది. ఆ పాట స్క్రిప్టులో లేదు. దృశ్యం ఎంతకీ కుదరక, నీకు డాన్సు వచ్చా అని కుబ్రిక్ అలెక్స్ పాత్రధారి మాల్కమ్ మెక్‌డోవెల్‌ను అడిగితే, అతడు ఆడుతూ అందుకున్న పాట అది. కుబ్రిక్ వెంటనే హక్కులు కొన్నాడు. తరువాత లాంకషైర్‌లో ఒక డచ్ అమ్మాయిని చెరిచిన ముఠా అదే పాట పాడిందని పత్రికల్లో వచ్చింది. అది నేరానికి కారణమని నేను అనడం లేదు. ఆ వార్త చదివిన మనిషి మరునాడు ఎప్పటిలాగే తన సినిమాను ఆడనివ్వాలని మాత్రం నేను అడగలేను.

రెండో ఆట:
అడగనక్కర్లేదు. 1972లో ఈ సినిమా ఫాసిజమని న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం వచ్చినప్పుడు కుబ్రిక్ అదే పత్రికకు సుదీర్ఘంగా జవాబు రాశాడు. అలాంటి ఉత్తరమే ఒకటి లండన్ పత్రికకు, నా ఇంట్లో పిల్లలున్నారు, అందుకే ఆపుతున్నాను అని రాసి ఉంటే, నేను ఈ చర్చ మొదలుపెట్టేవాణ్ణి కాదు.