పాత కారు డ్యాష్‌బోర్డు పగిలింది, కొనొచ్చా? (కువైట్)

ప్రశ్న: ఫర్వానియా నుంచి, మాది బద్వేలు

అన్నలకూ అక్కలకూ నమస్కారం. నేను కువైట్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. లైసెన్సు చేతికి వచ్చింది, ఒక పాత కారు చూసి పెట్టుకున్నా. జపాన్ సెడాన్, 2008 మోడల్. ఇంజను బాగుంది, ఏసీ చలి పుట్టిస్తోంది. డ్యాష్‌బోర్డు మీద మాత్రం బొచ్చు మ్యాట్ పరిచి ఉంది. ఎత్తి చూస్తే ముందు అద్దం దగ్గర, గాలి వచ్చే సందు మూల నుంచి జానెడు పగులు. అంచులు పైకి లేచి, లోపల పసుపు రంగు స్పాంజి కనపడుతోంది. అమ్మే ఆయన "ఇక్కడ అన్ని బండ్లకూ ఉండేదే" అంటాడు. నిజమేనా? ఊళ్లో మా నాయన మారుతి 800 ఇన్నేళ్లుగా ఎండలోనే పడి ఉంది, దానికి ఇట్లా ఎప్పుడూ కాలేదు. రూమ్‌లో వాళ్లు కొబ్బరి నూనె రాస్తే మెత్తబడుతుంది అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: షువైక్‌లో సీట్లు, డ్యాష్‌బోర్డుల పని చేస్తా, మాది ప్రొద్దుటూరు

తమ్ముడూ, ఇంజను బాగుంటే కారు వదులుకోవద్దు. కానీ పగులు చూపించి బేరం గట్టిగా ఆడు. మ్యాట్ కింద దాచి అమ్ముతున్నాడంటే ధర తగ్గించాల్సి వస్తుందని ఆయనకూ తెలుసు.

మీ నాయన బండి సంగతి ముందు చెప్తా. మారుతి 800 డ్యాష్‌బోర్డు దాదాపు మొత్తం గట్టి ప్లాస్టిక్. పైన మెత్తటి తోలు లేదు, చిరగడానికి ఏమీ లేదు. నువ్వు చూసిన కారులో మూడు పొరలు ఉంటాయి. అడుగున గట్టి చట్రం, దాని మీద స్పాంజి, పైన వినైల్ తోలు. వినైల్ అంటే పీవీసీ, నీళ్ల పైపులు చేసేదే. అది సహజంగా గట్టిది. తోలులా మెత్తగా ఉండాలని ఫ్యాక్టరీలోనే నూనె లాంటి పదార్థం కలుపుతారు, దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. ఏళ్ల తరబడి వేడి తగిలితే అది కొంత కిందున్న స్పాంజిలోకి ఇంకుతుంది, కొంత ఆవిరై పోతుంది. రాత్రి ఎదురుగా బండి లైటు పడినప్పుడు ముందు అద్దం లోపలి వైపు మసక పొర కనపడుతుంది చూడు. గుడ్డతో తుడిస్తే జిడ్డుగా వస్తుంది. అందులో దుమ్మూ పొగా ఉంటాయి, కానీ కొంత భాగం నీ డ్యాష్‌బోర్డే.

ఆ పదార్థం పోయేకొద్దీ తోలు గట్టిపడి కుంచించుకుపోతుంది. కింద చట్రం మాత్రం కుంచించుకోదు. అప్పుడు లాగుడు ఎక్కువ పడే చోట, అంటే గాలి సందుల మూలల్లో, స్పీకర్ జాలీ దగ్గర, స్క్రూలు ఉన్న చోట చిట్లుతుంది. నీ పగులు సందు మూల నుంచే మొదలైంది కదా, అందుకే. ఎండిన తాటాకుకు నూనె రాస్తే మళ్లీ పచ్చగా అవుతుందా? కొబ్బరి నూనె కథా అంతే. రెండు రోజులు నిగనిగలాడి, తర్వాత దుమ్ము పట్టి, మక్కిన వాసన వస్తుంది. బజారులో దొరికే సిలికాన్ స్ప్రేలు కూడా పోయిన పదార్థాన్ని తిరిగి లోపల పెట్టలేవు. పైగా ఆ మెరుపు ముందు అద్దంలో పడి మధ్యాహ్నం రోడ్డు సరిగా కనపడదు. తుడవడానికి తడి గుడ్డ, అవసరమైతే కాస్త సబ్బు నీళ్లు చాలు. ఏదైనా రాయాలనిపిస్తే మెరుపు లేని, నీళ్లతో చేసిన రకం తీసుకో.

ఇక్కడి ఎండ సంగతి నీకు ఈ పాటికి తెలిసే ఉంటుంది. 2016 జూలై 21న ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. వేసవిలో 11 నుంచి 4 దాకా మనుషులు ఎండలో పని చేయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ వేళ పార్కింగ్‌లో ఉన్న కారును ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ముందు కొనాల్సింది అద్దానికి అడ్డంగా పెట్టే వెండి రంగు షేడ్. మెరిసే వైపు బయటికి ఉండాలి, అంచులు అద్దానికి బాగా ఆనాలి. మూలల్లో సందు వదిలితే సరిగ్గా అక్కడే తోలు కాలుతుంది. నీడ దొరక్కపోతే కారు ముక్కు తూర్పుకు తిప్పి పెట్టు, సాయంత్రపు ఎండ వెనక అద్దం మీద పడుతుంది.

జవాబు: అరిజోనా నుంచి, మాది కర్నూలు

ఇక్కడా ఇదే బాధ. 2018లో మా అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు కలిసి కార్లను వేసవి ఎండలో ఒక గంట నిలిపి కొలిచారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఎండలో ఉన్న కారు డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. నీడలో ఉన్న కారులో 48. ఒక్క నీడ వల్ల ఇరవై డిగ్రీలు పైగా తగ్గింది. ఏ డబ్బా మందూ అంత తగ్గించదు.

ఇక్కడ అప్పట్లో డ్యాష్‌బోర్డులు కరిగి జిగురుగా మారడం, పగలడం మీద చాలా గొడవ అయి, టొయోటా కొన్ని మోడళ్లకు ఉచితంగా మార్చే ఏర్పాటు చేసింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది, అది అమెరికా కార్ల కోసం. కువైట్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

జవాబు: సాల్మియా నుంచి, మాది తాడిపత్రి

అన్నా, షేడ్ ఒక్కటే అంటే ఎట్లా? ఎండలో కంటికి కనపడని యూవీ (అతినీలలోహిత) కిరణాలే కదా ప్లాస్టిక్‌ను చంపేది. యూవీ స్ప్రే వాడాల్సిందే అని నా మాట.

షువైక్, ప్రొద్దుటూరు:

యూవీ చెడు చేస్తుంది, కాదనను. కానీ ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. ఆ పొర యూవీని దాదాపు అంతా ఆపేస్తుంది. పక్క అద్దాలు అట్లా కావు, ఒంటి గాజు, వాటి గుండా యూవీ వస్తుంది. అందుకే డోర్ ప్యాడ్లు వెలిసిపోతాయి. డ్యాష్‌బోర్డు పై భాగానికి మాత్రం అసలు శత్రువు వేడి. యూవీ స్ప్రే వాడితే నష్టం లేదు, కానీ షేడ్ మానేసి దాని మీదే ఆధారపడితే డబ్బు దండగ.

ఇక పగిలిన దాని సంగతి. ఫెవిక్విక్ లాంటి జిగురు పొయ్యొద్దు తమ్ముడూ. అది గట్టిగా ఆరి చుట్టూ తెల్లగా మచ్చ పడుతుంది, దాని పక్కనే ఇంకో పగులు లేస్తుంది. సరిగా పూడ్చాలంటే లేచిన అంచులు కోసి, సాగే ఫిల్లర్ నింపి, రుద్ది, వినైల్ పెయింట్ కొట్టాలి. తోలు మీద ఉండే గింజ గింజ డిజైన్ మాత్రం మళ్లీ అట్లానే రప్పించడం కష్టం, ఎంత చేయి తిరిగిన పనివాడైనా అతుకు కొంచెం కనపడుతుంది. అంతకంటే పైన అంటించే రెడీమేడ్ తొడుగు నయం. మొత్తం ఊడదీసి కొత్త తోలు వేయించడం అన్నిటికంటే అందం, అన్నిటికంటే ఖర్చు. నీ కారు వయసుకు నేనైతే మ్యాట్‌తోనే సరిపెట్టుకోమంటా. ఎప్పుడైనా ఏసీ లోపలి కాయిల్ కారి డ్యాష్‌బోర్డు ఊడదీయాల్సి వస్తే, ఆ రోజే తోలు పని కూడా చేయించు. విప్పే కూలి రెండుసార్లు పడదు. చలికాలం పొద్దున్నే మాత్రం విప్పనివ్వొద్దు, పాత ప్లాస్టిక్ క్లిప్పులు చలికి పెళపెళా విరుగుతాయి.

ఒక్క విషయంలో మాత్రం సర్దుకోవడం లేదు. పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కొన్ని కార్లలో దాని మూత కనపడుతుంది, కొన్నింటిలో తోలు వెనక వైపు నుంచి పలచగా గీత చేసి ఉంటుంది, పైకి ఏమీ తెలీదు. బ్యాగ్ అక్కడే చీల్చుకుని రావాలి. దాని మీద గట్టి తొడుగు అంటించినా, ఫిల్లర్ పూసినా, మ్యాట్ లాగి జిగురు పెట్టినా బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు, లేదా ఆ ముక్క ఎగిరి మనిషి ముఖానికే తగలొచ్చు. పగులు ఆ భాగంలోకి పాకి ఉంటే అతుకుల జోలికి పోకుండా ఆ భాగం మార్చేయడమే. నీ పగులు ఎంత దూరం వచ్చిందో మ్యాట్ పూర్తిగా తీసి చూసుకో.

జవాబు: మంగాఫ్ నుంచి, మాది అనంతపురం

తమ్ముడూ, అన్న చెప్పినవాటికి తోడు ఇంకో రెండు. నేను డ్యూటీకి పోయే చోట నీడ లేదు, పన్నెండు గంటల షిఫ్టు, కారు అంతసేపూ ఎండలోనే. వెంకటేశ్వర స్వామి బొమ్మను డబుల్ టేపుతో అంటించుకున్న కొలీగ్ ఒకామె, ఊరికి పోయే ముందు కారు అమ్ముతూ బొమ్మ తీయబోతే రూపాయి బిళ్లంత తోలు దాంతోపాటే లేచి వచ్చింది. ఫోన్ హోల్డర్ సక్షన్ కప్పు కూడా అంతే, డ్యాష్‌బోర్డుకు కాకుండా అద్దానికి పెట్టుకో. సెంటు సీసా, జెల్ డబ్బా డ్యాష్‌బోర్డు మీద అసలు వద్దు. ఎండకు కారి ఒలికితే ఆ ద్రవం ప్లాస్టిక్‌ను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. స్వామిని అద్దం నుంచి వేలాడదీయకుండా, గేరు దగ్గర చిన్న అరలో పెట్టుకుంటే ఆయనకూ ఎండ తగలదు.

ప్రశ్న: ఫర్వానియా, బద్వేలు

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. మ్యాట్ తీసి చూశా, పగులు డ్రైవర్ వైపే ఉంది, ఎయిర్‌బ్యాగ్ దాకా రాలేదు. ధర కూడా కొంత తగ్గించాడు. పాత మ్యాట్ చెమట వాసన కొడుతోంది, మార్చాలి. వచ్చే నెల మా బావ కడప నుంచి వస్తున్నాడు. ఇదే మోడల్ కారుకు అక్కడ మ్యాట్ తక్కువలో కుట్టిస్తా అంటున్నాడు. తెమ్మందామా?

షువైక్, ప్రొద్దుటూరు:

వద్దు తమ్ముడూ. మన దగ్గర స్టీరింగ్ కుడి వైపు, ఇక్కడ ఎడమ వైపు. అక్కడి కొలతతో కుట్టిన మ్యాట్‌లో మీటర్ దగ్గరి వంపు పక్క సీటు ముందుకు వస్తుంది, ఎయిర్‌బ్యాగ్ కోసం వదిలిన కోత స్టీరింగ్ వెనకకు వస్తుంది. తిప్పి వేద్దామంటే బొచ్చు కిందికి పోయి రబ్బరు పైకి వస్తుంది. బావను ఆ డబ్బుతో పచ్చళ్లు తెమ్మను. మ్యాట్ షువైక్‌లోనే దొరుకుతుంది. కారు మోడల్, సంవత్సరం చెప్పి, ఎయిర్‌బ్యాగ్ కోత ఉన్నదా అని అడిగి, విప్పి చూసి తీసుకో. ముదురు రంగు, మెరవని బట్ట ఎంచుకో, అద్దంలో నీడ పడదు. అంటించడానికి జిగురు వద్దు, తక్కువ వెల్క్రో ముక్కలు చాలు, అవి కూడా పగులుకు దూరంగా. శుక్రవారం సాయంత్రం వచ్చేటట్టయితే మెసేజ్ పెట్టు, కొట్టు దగ్గరికి నేనూ వస్తా.