అక్కకు జకాత్ ఇవ్వొచ్చా? ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా ఇవ్వాలి?

సందేహం:
అస్సలాము అలైకుమ్. ఈ ఏడాది జకాత్ (స్తోమత ఉన్న ముస్లిం ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) లెక్క కట్టి పక్కన పెట్టాను. మా బావ పోయి రెండేళ్లయింది. అక్క కుట్టుపని చేసి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. చిన్న సొంత ఇల్లు, కుట్టుమిషన్ ఉన్నాయి కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. బావ వైద్యానికి చేసిన అప్పులు ఇంకా తీరలేదు, వాటిలో కొంత నేనిచ్చిందే. నా జకాత్ అక్కకు ఇవ్వొచ్చా? నా బాకీ వదిలేసి దాన్నే జకాత్ అనుకోవచ్చా? జకాత్ అని తెలిస్తే అక్క ససేమిరా తీసుకోదు. అదే పెద్ద టెన్షన్.

జవాబు:
వ అలైకుముస్సలాం తమ్ముడూ. తోబుట్టువులు అక్కరలో ఉంటే వాళ్లకు నిశ్చింతగా ఇవ్వొచ్చు. పేదలకిస్తే దానం, బంధువులకిస్తే దానంతో పాటు బంధుత్వం నిలిపిన పుణ్యం కూడా అని ప్రవక్త ముహమ్మద్ (సఅసం, అంటే అల్లాహ్ కారుణ్యం, శాంతి ఆయనపై కురియుగాక) చెప్పారు. అమ్మానాన్నలకు, వాళ్ల అమ్మానాన్నలకు, మన పిల్లలకు, మనవలకు మాత్రం జకాత్ చెల్లదు. వాళ్లను చూసుకోవడం ఎలాగూ మన బాధ్యతే.

ఇల్లుందని వెనకాడకండి. ఉంటున్న ఇల్లు, కట్టుకునే బట్టలు, బతుకుతెరువుకు వాడే పనిముట్టు ఆస్తి లెక్కలోకి రావు. కుట్టుమిషన్ అమ్ముకున్నాకే సాయానికి అర్హురాలంటే, ఆ తర్వాత ఆ ఇల్లు గడిచేదెలా? పైగా ఖుర్ఆన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో జకాత్‌కు హక్కుదారులుగా చెప్పిన ఎనిమిది రకాలవారిలో పేదలూ ఉన్నారు, అప్పుల్లో కూరుకుపోయినవారూ ఉన్నారు. మీ అక్కది రెండు విధాలా హక్కు.

చూసుకోవాల్సింది నగలు. ఇస్లామీ ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో ఆడవాళ్ల నగలూ లెక్కే. అప్పులు తీసేశాక కూడా ఆమె దగ్గర నిసాబ్ (జకాత్ విధి అయ్యే కనీస ఆస్తి) మిగిలితే ఆమెకు జకాత్ చెల్లదు. మరో పద్ధతివాళ్లైన షాఫయీలు రోజూ వాడుకునే నగలను అలా లెక్కించరు. బంగారం కాస్త గట్టిగానే ఉందనిపిస్తే మీరు నమ్మే మత పండితుణ్ని, అంటే ఆలిమ్‌ను ఒకసారి అడగండి. ఒకవేళ జకాత్ కుదరకపోయినా సదఖా (మనసుకు తోచి ఇచ్చే దానం) ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

ఇక బాకీ సంగతి. దాన్ని వదిలేసి జకాత్ కింద రాసుకుంటే సరిపోదని ఎక్కువమంది పండితులు అంటారు. జకాత్ అక్కర ఉన్న మనిషి చేతికి అందాలి, ఆమె సొంతం కావాలి. కాబట్టి ఏ షరతూ పెట్టకుండా సొమ్ము ఆమెకే ఇవ్వండి. అందులోంచి తనంతట తాను మీ బాకీ తీరిస్తే తప్పేమీ లేదు. తీర్చకపోతే అడగకండి. బాకీ పడ్డవాడు ఇబ్బందుల్లో ఉంటే వీలు చిక్కేదాకా ఆగమని, పూర్తిగా వదిలేస్తే ఇంకా మేలని ఖుర్ఆన్ 2:280 చెబుతోంది. ఆ వదిలేయడం జకాత్ కాకపోయినా మంచి పనే.

మీ టెన్షన్‌కు జవాబు సులువు: చెప్పనక్కర్లేదు. జకాత్ అనే నియ్యత్ (సంకల్పం) మీ మనసులో ఉంటే చాలు. "పిల్లలకు ఉంచక్కా" అని చేతిలో పెట్టండి. నోరు తెరిచి అడగకపోవడం వల్ల, తెలియనివాళ్లకు ఉన్నవాళ్లలా కనిపించే పేదల గురించి 2:273 మాట్లాడుతుంది. అది చదివినప్పుడల్లా నాకు ఇలాంటి అక్కలే గుర్తొస్తారు. ఇచ్చాక ఎన్నడూ ఎత్తిపొడవకండి. ఎత్తిపొడుపు దానాన్ని వృథా చేస్తుందని 2:264లో ఉంది.

మరొకరి జవాబు:
ఇంకో మాట. పదిమందికి తలా కాస్త పంచే బదులు, వీలైతే ఒక కుటుంబం నిలదొక్కుకునేంత ఇవ్వండి. సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీ (మదీనాకు చెందిన సహచరుడు) ఇంట్లోని గుడ్డను, గిన్నెను ప్రవక్త (సఅసం) రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి పిడి స్వయంగా బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమన్నారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగొచ్చాడు. మీ అక్కకు అసలు ఏది అడ్డుపడుతోందో కనుక్కోండి. వడ్డీ పెరుగుతున్న బయటి అప్పు ఉంటే ముందు అది తీరడం ముఖ్యం.

మళ్లీ సందేహం:
ఒకేసారి ఇస్తే బయటి అప్పులవాళ్లే పట్టుకుపోతారేమో. నెలనెలా ఇవ్వొచ్చా? పిల్లల ఫీజు నేనే నేరుగా బడిలో కట్టొచ్చా?

జవాబు:
అక్క "నా తరఫున కట్టు" అంటే ఫీజు కట్టొచ్చు, అప్పుడు మీ చెయ్యి ఆమె చెయ్యి కిందే లెక్క. ముందు అడగకుండా మాత్రం కట్టకండి. నెలనెలా ఇవ్వాలంటే రాబోయే ఏడాది జకాత్‌ను ముందుగానే విడతలుగా ఇస్తూ, చాంద్రమాన సంవత్సరం నిండాక నూటికి రెండున్నర చొప్పున లెక్క సరిచూసుకోండి. ఇప్పుడు తీసిపెట్టింది మాత్రం ఆపకండి. దాని గడువు వచ్చేసింది, అది ఇక మీది కాదు. ఈ వారంలోనే వెళ్లి అక్కను కలవండి.