జపాన్ బీర్లలో మన కింగ్‌ఫిషర్‌కి దగ్గరగా ఉండేది ఏది?

ప్రశ్న: టోక్యో కొంబినిలో (రోజంతా తెరిచి ఉండే చిన్న దుకాణంలో) రకరకాల బీరు డబ్బాలున్నాయి. కింగ్‌ఫిషర్ ప్రీమియం అలవాటున్న నోటికి రోజువారీగా ఏది నప్పుతుంది? కొన్ని అంత చవకెందుకు?

జవాబు 1: అసాహి సూపర్ డ్రై, ఆల్కహాల్ 5 శాతం. 1987లో వచ్చింది. మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు బియ్యం, మొక్కజొన్న, స్టార్చ్ వాడతారు. తీపి మిగలదు, గొంతులో చురుక్కుమని దిగిపోతుంది. ఆవకాయ, వేపుళ్ల పక్కన ఇదే బాగుంటుంది. కిరిన్ ఇచిబాన్ షిబోరిని మాల్ట్, హాప్స్‌తోనే (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులతోనే) చేస్తారు. కాస్త తీపి, నోటికి చిక్కగా తగులుతుంది. చేపల పులుసు పక్కన నాకైతే అదే ముందు.

జవాబు 2: చవక డబ్బా మీద 'హప్పోషు' అని ఉంటుంది, అంటే బీరులాంటిదే కానీ మాల్ట్ తక్కువ, అందుకే పన్ను తక్కువ. 2023 అక్టోబరు నాటి లెక్కలో 350 మి.లీ. బీరుకి పన్ను 63.35 యెన్‌లు, హప్పోషుకి 46.99. రుచి పలచన, దాన్ని బీరుతో పోల్చకండి.

జవాబు 3: స్ట్రాంగ్ బీరు అలవాటున్నవాళ్లు లెక్క చూసుకోండి. 8 శాతం, 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. ఆల్కహాల్. ఇక్కడి 5 శాతం, 350 మి.లీ. డబ్బాలో 17.5. అంటే ఒక సీసాకి దాదాపు 3 డబ్బాలు.

గ్లాసు సంగతి మరవొద్దు. నూనె జిడ్డుంటే నురగ నిలవదు, బుడగలు గోడకి అంటుకుంటాయి. సబ్బుతో కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే డబ్బా ఉబ్బి పగలొచ్చు.