డెల్టాలో ఫౌజీల జిమ్: మెరకకు ఎంత, మెషీన్లకు ఎంత?

రిటైర్డ్ నాయక్, భీమవరం దగ్గర:
అందరికీ నమస్కారం. మిలిటరీ మాధవరం అంత పేరు మా ఊరికి లేదు గానీ మా వీధిలోనూ ఫౌజీలకు కొదవలేదు. సంక్రాంతి సెలవుకి వచ్చి అరిసెలు లాగించి, పొట్ట వేసుకుని యూనిట్‌కి వెళ్తున్నారు. అక్కడ బీపీఈటీ, అంటే సైనికుల ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కదా! అందుకే జిమ్ కోసం మాజీ సైనికులం కలిసి 12 సెంట్లు కొన్నాం, చేతిలో 25 లక్షలున్నాయి. స్థలం పాత వరిచేను, రోడ్డుకి మూడడుగులు పల్లం, పక్కనే చేపల చెరువు. జిమ్ సామాన్లాయన ట్రెడ్‌మిల్లులతో కలిపి 14 లక్షలకు కొటేషన్ ఇచ్చాడు. మిగతాదాంతో రేకుల షెడ్డు వేసేద్దామని మావాళ్లు అంటున్నారు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది.

ఇళ్ల కాంట్రాక్టర్, పాలకొల్లు:
టెన్షన్ పడాల్సిందే అండి. అది నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు ఫ్లోరింగ్ వేస్తే రెండేళ్లలో పగులుతుంది. బుసకతో మెరక చేయించండి, కానీ ఒకేసారి గుమ్మరించకుండా పొరలు పొరలుగా తడిపి రోలర్ కొట్టించాలి. పైన గ్రావెల్. వీలైతే ఒక వానాకాలం అలా వదిలేయండి. పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) అడగండి, చెరువు గట్టుకి దూరంగా జరగండి.

పీటీ ఉస్తాద్, రిటైర్డ్ హవల్దార్, అమలాపురం:
సాబ్, ముందు ఆ కొటేషన్ పక్కన పెట్టండి. ఫౌజీకి పెట్టే పరీక్ష ఏంటి? బీపీఈటీలో 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల స్ప్రింట్, నిలువు తాడు, అడ్డ తాడు, 9 అడుగుల గొయ్యి దూకడం. పీపీటీ అనే ఇంకో ఫిట్‌నెస్ పరీక్షలో 2.4 కిలోమీటర్ల పరుగు, బీము (కడ్డీకి వేలాడి పైకి లేచే పుల్-అప్స్), సిటప్స్ లాంటివి. వీటిలో కరెంటుతో నడిచేది ఒక్కటైనా ఉందా? ట్రెడ్‌మిల్ మీద ఐదు కిలోమీటర్లు లాగినవాడు కాలవగట్టు మీద రెండుకే ఆయాసపడటం నేను చూశాను. ఇక మన గాలిలో తేమకి బోర్డులు పోతాయి, తుఫాను వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. మోకాళ్లు అరిగిన మనలాంటోళ్ల కోసం కరెంటు అక్కర్లేని సైకిళ్లు రెండు కొనండి, చాలు.

షెడ్డు ఎత్తు 16 అడుగులకు తగ్గనివ్వకండి, తాడు కట్టాలి. గోడలు సగం వరకే కట్టి పైన జాలీ పెడితే గాలి ఆడుతుంది. రేకుల కింద మే నెలలో ఏసీ లేకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. బీములకి స్టెయిన్‌లెస్ పైపు వాడండి, మామూలు ఇనుము ఏడాదికే చేతులకి తుప్పు అంటిస్తుంది. ప్లేట్లు, డంబెల్స్ రబ్బరు తొడుగున్నవే తీసుకోండి.

అసలు తలనొప్పి గొయ్యి. మా దగ్గర తవ్విస్తే శ్రావణమాసంలో నీళ్లూరి కప్పలు చేరాయి, దోమలు అదనం! అందుకే కిందికి తవ్వకండి. నేలకి పైనే మట్టిదిబ్బ కట్టి, అవతల 9 అడుగుల దూరంలో ఇసుక మడి వేయించండి. దూకడానికి అదే చాలు. ఇసుక ఏటిదే అయితే నయం, సముద్రం ఒడ్డుది ఉప్పు, ఇనుముకి మంచిది కాదు.

అగ్నివీర్ ప్రిపరేషన్, నరసాపురం:
అన్నా, కుర్రాళ్లని కూడా రానివ్వండి. అగ్నివీర్ ఫిజికల్ టెస్టులో ఐదున్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరిగెడితే 60 మార్కులు, పది బీములకి 40. పరుగు గట్టు మీద ఎలాగోలా చేస్తున్నాం. బీముకే దిక్కులేదు, స్కూలు గోల్‌పోస్టుకి వేలాడుతున్నాం. ఉదయం ఐదింటికే తాళం తీస్తే మీ పేరు చెప్పుకుంటాం.

రిటైర్డ్ నాయక్:
తమ్ముడూ, ఐదింటికి మేమే వస్తాం, ఆయ్! ఉస్తాద్, దిబ్బ ఐడియా బాగుంది. మెరకకి, పైల్స్‌కి తొమ్మిది లక్షలు పక్కన పెడుతున్నా. కొటేషన్ వెనక్కి ఇవ్వాలంటే మా ప్రెసిడెంటు ఒప్పుకోవాలి. ఆయనకి ట్రెడ్‌మిల్ ముందు ఫొటో దిగాలని ఉంది, ఒకటి కొని ఇచ్చేస్తే గొడవ వదులుతుంది. ఎత్తి దొర్లించే కసరత్తుకి పాత ట్రాక్టర్ టైర్లు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వెనక చక్రానివే కావాలి.