200 దాటితే కారు తేలుతోంది: ముందు వింగా, సస్పెన్షనా?

స్ట్రెయిట్‌లైన్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాది రెండు సీట్ల కూపే. ఇంజన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకి. గట్టిగా నడిపేది ట్రాక్ మీదే. గంటకి 150 కిలోమీటర్ల దాకా ఏ గొడవా లేదు. 180 దగ్గర స్టీరింగ్ తేలికవడం మొదలవుతుంది. 200 దాటాక అసలు ముందు చక్రాలు నేల మీద ఉన్నాయా అని అనుమానం వస్తుంది. స్ట్రెయిట్ చివర ఒక చిన్న వంపు ఉంది, అక్కడ యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తీస్తే చాలు, వెనక భాగం పక్కకి జరుగుతుంది. కారు నా చేతికి వచ్చేటప్పటికే ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేసి ఉన్నాయి. టైర్లు కొత్తవి, వై రేటింగ్, అంటే 300 దాకా తట్టుకునేవి. కాబట్టి వాటిని అనుమానించక్కర్లేదు.

ఒక ఫ్రెండ్ పెద్ద వెనక వింగ్ (గాలి బలంతో కారుని నేలకి అదిమే రెక్క) పెట్టించమంటాడు. ఇంకొకడు వింగ్ అంతా షోకు, డంపర్లూ (స్ప్రింగుల ఊగిసలాటని ఆపేవి) అలైన్‌మెంటూ (చక్రాల కోణాలు) చూసుకో అంటాడు. ప్రస్తుతానికి ఒక్కదానికే డబ్బుంది. ఏది ముందు?

గాలిమర

వింగే. మీరు చెప్పిన లక్షణంలోనే జవాబుంది. 150 దాకా బాగుండి 200కి పాడైందంటే అది గాలి పనే. అరిగిన బుష్‌కి (సస్పెన్షన్ జాయింట్లలో ఉండే రబ్బరు ముక్క), వదులైన జాయింట్‌కి మీరెంత వేగంలో ఉన్నారో తెలీదు, 80లో కూడా ఏదో ఒక శబ్దమో వణుకో చూపిస్తుంది. గాలి అలా కాదు, దాని బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్, అంటే కారుని పైకి లేపే బలం, నాలుగింతలు.

పోర్షే 911 చరిత్ర చూడండి. 1973 కరెరా ఆర్ఎస్ 2.7కి వెనక బాతు తోకలాంటి స్పాయిలర్ (గాలిని మళ్లించే పట్టీ) పెట్టారు. వెనక లిఫ్ట్ తగ్గింది. కారు నిలకడగా పోవడం మొదలుపెట్టింది.

డంపర్ బాబాయ్

గాలిమర గారూ, ఆ కథ సగమే చెప్పారు. 911 నిలకడ కోసం వాళ్లు మొదట ముట్టుకున్నది తోకని కాదు. అరవైల్లో ముందు బంపర్ రెండు చివర్లలో ఇనుప దిమ్మలు దాచారు, ఒక్కోటి సుమారు 11 కిలోలు. 1969 మోడల్‌కి చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచారు. 1972 మోడల్ 911 ఎస్‌కి ముందు బంపర్ కింద స్పాయిలర్ వచ్చింది. తోక వంతు ఆ తర్వాతే.

స్ట్రెయిట్‌లైన్ బాబూ, నువ్వు చెప్పినవాటిలో నాకు గుచ్చుకున్నది ఒకటే మాట: కాలు తీస్తే వెనక జరుగుతోంది. కాలు తీసినప్పుడు బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాల మీద ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు వెనక చక్రాలు కాస్త లోపలికి చూస్తూ ఉండాలి, అంటే టో-ఇన్ ఉండాలి. ఎత్తు తగ్గించిన కారులో కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీల) కోణం మారిపోతుంది, టో మారుతుంది, బుష్‌లు పాతవైతే బరువు మారినప్పుడల్లా చక్రం తన ఇష్టం వచ్చిన వైపు చూస్తుంది. అంటే నువ్వు ముందు నుంచి స్టీర్ చేస్తుంటే కారు వెనక నుంచి ఇంకో స్టీరింగ్ తిప్పుతోందన్నమాట. దాని మీద వింగ్ పెడితే రోగం ఒకటి, మందు ఒకటి.

ముందు నాలుగు చక్రాల అలైన్‌మెంట్ షీట్ తీయించి ఇక్కడ పెట్టు. టైర్ల సంగతి కూడా. రేటింగ్ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ రేటింగ్ సరైన ప్రెషర్ ఉన్నప్పుడే. గాలి తక్కువతో 200లో తిరిగే టైరు పక్కగోడ వంగి వంగి వేడెక్కిపోతుంది, కారు వంకర్లు పోతుంది, ఆఖరికి టైరే పోతుంది.

మూడో మలుపు

ఆడి టీటీ గుర్తుందా ఎవరికైనా? 1998లో వచ్చిన మొదటి తరం. ఎక్కువ వేగంలో ఉన్నట్టుండి లేన్ మారితేనో, వంపులో కాలు తీస్తేనో తిరిగిపోయి ప్రమాదాలయ్యాయి. కంపెనీ ఆ కార్లని వెనక్కి పిలిపించి మార్పులు చేసింది. ఆ తర్వాత అన్ని టీటీలకీ వెనక స్పాయిలర్ వచ్చింది. దీంతో చర్చ అయిపోయిందనుకుంటా.

డంపర్ బాబాయ్

అయిపోలేదు. స్పాయిలర్‌తో పాటే ఈఎస్‌పీ (కారు జారితే దానంతటదే బ్రేకులు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ సిస్టమ్) ఇచ్చారు, సస్పెన్షన్ భాగాలూ మార్చారు. పైకి కనపడే ముక్క ఒక్కటే అందరికీ గుర్తుండిపోయింది.

గాలిమర

అదే కదా నేనూ అనేది. సస్పెన్షన్ మార్పుతోనే సరిపోయేదయితే, అంత ముచ్చటగా గీసిన గుండ్రటి వీపు మీద స్పాయిలర్ ఎందుకు అతికిస్తారు? ఆ గుండ్రటి ఆకారమే లిఫ్ట్ పుట్టించింది. గాలి వంపు వెంబడే కిందికి జారుతూ పోతే ఆ వంపు మీద ఒత్తిడి తగ్గి వెనక భాగం పైకి లేస్తుంది. అంచున చిన్న పట్టీ ఉన్నా గాలి అక్కడ తెగిపోతుంది.

పాతకార్ల పిచ్చి

ఈ గొడవకి ఇంతకంటే మంచి ఉదాహరణ పోర్షే 917. 1969లో అది వచ్చినప్పుడు స్ట్రెయిట్‌లో భయంకరమైన వేగం, కానీ తిన్నగా పోయేది కాదు. పేరున్న డ్రైవర్లే దాన్ని నడపడానికి వెనకాడారు. గాలి నిరోధం తగ్గించాలన్న పట్టుదలతో పొడవాటి తోక పెట్టారు మరి.

అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్ ట్రాక్‌లో పరీక్షలు జరిగాయి. జాన్ వైయర్ జట్టు ఇంజనీరు జాన్ హార్స్‌మన్ ఆగి ఉన్న కారు చుట్టూ తిరిగి చూస్తే, ముందు భాగమంతా చచ్చిన దోమల మరకలు. తోక మీద మాత్రం దాదాపు ఏమీ లేవు. దోమ తగల్లేదంటే గాలి కూడా తగలడం లేదని అర్థం. అక్కడికక్కడే అల్యూమినియం రేకులు కోసి, తోకని పొట్టి చేసి పైకి ఎత్తి బిగించారు. కారు దారికొచ్చింది. 917కె అలా పుట్టింది, 1970, 71 రెండేళ్లూ ల మాన్ 24 గంటల రేసు గెలిచింది. విండ్ టన్నెల్ (గాలి వదిలి కారుని పరీక్షించే సొరంగం) తేల్చాల్సిన సంగతిని దోమలు తేల్చాయి!

మోడరేటర్

చిన్న మాట. పబ్లిక్ రోడ్డు మీద 200 కొట్టిన కథలు ఈ చర్చలో పెట్టొద్దు. ఒకటి తీసేశాను. ట్రాక్ వరకే మాట్లాడుకుందాం.

లెక్కల మాస్టారు

ఇద్దరూ నిజమే చెబుతున్నారు గానీ అంకెలు లేకుండా వాదిస్తున్నారు. నాలుగు అంకెలు వేద్దాం.

మామూలు కూపేకి లిఫ్ట్ గుణకం (ఆకారాన్ని బట్టి లిఫ్ట్ ఎంతో చెప్పే అంకె) 0.3, ముందు నుంచి చూస్తే కనపడే వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకోండి. 100 కిలోమీటర్ల వేగంలో కారుని పైకి లేపే బలం సుమారు 28 కిలోల బరువుకి సమానం. 200లో 113 కిలోలు. 250లో దాదాపు 177. మొత్తం 1,300 కిలోల కారుకి 113 ఏపాటిది అనిపిస్తుంది. అయితే అది ముందు ఎంత, వెనక ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువ భాగం ముందు ఇరుసు మీద పడితే స్టీరింగ్ తేలికవుతుంది. వెనక పడితే తోక జాడిస్తుంది.

ఇక వింగ్ సంగతి. వింగ్ ఎప్పుడూ వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంటుంది. తూగుడుబల్ల మీద ఒక చివర కూర్చుంటే రెండో చివర లేస్తుంది కదా, ఇక్కడా అంతే. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, వింగ్ వెనక ఇరుసుకి 75 సెంటీమీటర్ల వెనక ఉందనుకుందాం. వింగ్ 100 కిలోల డౌన్‌ఫోర్స్, అంటే కిందికి నొక్కే బలం, ఇస్తే వెనక ఇరుసు మీద 130 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీంచి 30 కిలోలు తగ్గుతాయి. స్ట్రెయిట్‌లైన్ గారి మొదటి ఫిర్యాదు ఏమిటి? స్టీరింగ్ తేలికవడం. అంటే ఒక్క వెనక వింగ్ పెడితే రెండో ఫిర్యాదు తీరొచ్చు, మొదటిది ముదురుతుంది.

గాలిమర

అందుకేగా ముందు స్ప్లిటర్ (బంపర్ కింద ముందుకి పొడుచుకొచ్చే పలక) కూడా పెడతారు! వింగ్ ఒక్కటే పెట్టమని ఎవరన్నారు?

డంపర్ బాబాయ్

మీరే, పైన. మొదటి మాటే "వింగే" అన్నారు.

గాలిమర

సరే బాబాయ్, వింగ్ అంటే ఏరో, గాలిని అదుపుచేసే భాగాలన్నీ, అని అర్థం చేసుకోండి. కావాలంటే స్ప్లిటర్‌తోనే మొదలుపెట్టమంటాను. అది బంపర్ కిందకి పోయే గాలిని తగ్గిస్తుంది, పై అంచు మీద ఒత్తిడి పెంచుతుంది, రెండూ ముందు ఇరుసుకి లాభమే.

పాతకార్ల పిచ్చి

వింగ్ పెట్టేవాళ్లకి ఇంకో సంగతి. దేనికి బిగిస్తున్నారో చూసుకోండి. 1969 స్పానిష్ గ్రాండ్ ప్రీలో, బార్సిలోనా మోంట్‌జుయిక్ ట్రాక్‌లో, గ్రాహం హిల్, యొఖెన్ రింట్ నడిపిన రెండు లోటస్ కార్లకీ ఎత్తు వింగులు విరిగి పెద్ద ప్రమాదాలయ్యాయి. వెంటనే వచ్చిన మొనాకో రేసులోనే ఎత్తు వింగుల్ని నిషేధించారు. అవి రేసు ఇంజనీర్లు కట్టినవి. మనం డిక్కీ మూత పల్చటి రేకుకి నాలుగు బోల్టులు వేసి 100 కిలోలు మోయమంటున్నాం. వింగ్ కాళ్లు చాసీదాకా దిగకపోతే ఆ డౌన్‌ఫోర్స్‌లో కొంత మూతని వంచడానికే పోతుంది.

మూడో మలుపు

వెనక చక్రాలు తిరిగే సిస్టమ్ ఉన్న కార్లకి ఈ బాధ ఉండదేమో? 2013 911 టర్బోలో 50 కిలోమీటర్ల లోపు వెనక చక్రాలు ముందు వాటికి ఎదురు తిరుగుతాయి, 80 దాటితే అదే వైపు తిరుగుతాయి. చక్రాల మధ్య దూరం పెరిగినట్టే పనిచేస్తుంది.

డంపర్ బాబాయ్

మంచి సంగతే. కానీ లేని కారుకి దాన్ని అమర్చలేం కదా. వదిలేద్దాం.

లెక్కల మాస్టారు

అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. స్ట్రెయిట్‌లైన్ గారూ, సమంగా ఉన్న నేల మీద, సగం ట్యాంకుతో, మీరు సీట్లో కూర్చుని ఉండగా, తలుపు కింది అంచు ముందు చక్రం దగ్గర నేలకి ఎంత ఎత్తులో ఉంది, వెనక చక్రం దగ్గర ఎంత? ఆ రెండు అంకెలు కావాలి.

స్ట్రెయిట్‌లైన్

నిన్న కొలిచాం. ముందు కంటే వెనక 12 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఇది మామూలేనా?

లెక్కల మాస్టారు

ఎత్తు మార్చని మీ మోడల్ కార్లో ఆ అంచు ఎలా ఉంటుందో దానితో పోల్చాలి. ఇలాంటి కార్లలో మామూలుగా అయితే సమంగా గానీ, ముందుకి కాస్త వాలి గానీ ఉంటుంది. మీది ముక్కు పైకెత్తుకుని పోతోంది. దాంతో కారు కిందకి గాలి ఎక్కువ దూరుతుంది, ముందు ఇరుసు తేలుతుంది. వేగం పెరిగేకొద్దీ ముక్కు ఇంకా లేస్తుంది, లేచేకొద్దీ లిఫ్ట్ ఇంకా పెరుగుతుంది. ఇదే సంగతి విపరీతానికి పోతే ఏమవుతుందో 1999 ల మాన్‌లో మెర్సిడెస్ సీఎల్ఆర్ చూపించింది. ఆ ఒక్క వారంలోనే మూడుసార్లు, రెండుసార్లు మార్క్ వెబర్, రేసులో పీటర్ డంబ్రెక్ నడుపుతుండగా, ముక్కు లేచి కారు గాలిలో పల్టీ కొట్టింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. మీ కారు అలా ఎగురుతుందని భయపెట్టడం కాదు, అది రేసు కారు, వేగం 300 పైన. దిశ మాత్రం ఇదే.

డంపర్ బాబాయ్

చూశారా, స్ప్రింగులే! ఎవరో ముందూ వెనకా జత కుదరనివి వేశారు. లేదా వెనకవి కుంగిపోయాయి.

గాలిమర

చూశారా, గాలే! స్ప్రింగు తప్పు బయటపడుతున్నది గాలి వల్లే కదా. 150 దాకా ఎందుకు బాగుంది మరి?

లెక్కల మాస్టారు

మీరిద్దరూ కారుకి రెండు చివర్లు పట్టుకుని లాగుతున్నారు. కారు ఎత్తు సస్పెన్షన్ చేతిలో ఉంది, ఆ ఎత్తు మీద గాలి ఆధారపడి ఉంది. ముందు చక్రం దగ్గర స్ప్రింగు బలం మిల్లీమీటరుకి 30 న్యూటన్లు అనుకుంటే, రెండు చక్రాలకీ 60. 200 వేగంలో ముందు ఇరుసు మీద 600 న్యూటన్ల లిఫ్ట్ ఉంటే ముక్కు 10 మిల్లీమీటర్లు లేస్తుంది. ఇది కొలవగలిగే సంగతి. సస్పెన్షన్ కదలిక నమోదు చేసే సెన్సర్లు అద్దెకి దొరికితే, గాలి లేని రోజు, స్ట్రెయిట్‌లో 100 దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి, వేగం మార్చకుండా కాసేపు నడిపి తేడా చూడండి. ముందు ఎంత లేచింది, వెనక ఎంత లేచింది తెలిస్తే స్ప్లిటర్ కావాలో వింగ్ కావాలో రెండూ కావాలో అప్పుడు చెప్పొచ్చు. సెన్సర్లు లేకపోతే బాడీ మీద ఉన్ని దారాలు అతికించి పక్క కారులోంచి వీడియో తీయండి. లిఫ్ట్ ఎంతో చెప్పవు గానీ గాలి ఎక్కడ తెగిపోతోందో చెబుతాయి.

డంపర్ బాబాయ్

ఆ కొలతకంటే ముందు ఎత్తు సరిచేయించు బాబూ. ఆ తర్వాతే అలైన్‌మెంట్, ఎత్తు మారిస్తే టో మళ్లీ మారుతుంది. వెనక రెండు వైపులా సమానంగా కొద్దిపాటి టో-ఇన్, ముందు క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా. క్యాస్టర్ తగ్గితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం మానేస్తుంది, అది కూడా చేతికి "తేలిక"గానే తెలుస్తుంది. గాలి అనుకుని మోసపోతావు.

స్ట్రెయిట్‌లైన్

వెనక స్ప్రింగులు విప్పించాం. మీద పార్ట్ నంబరు ముందు వాటి సెట్‌ది కాదు, వేరే సెట్‌ది. అవి మార్చి, అలైన్‌మెంట్ చేయించి మళ్లీ ట్రాక్‌కి వెళ్తాను. వింగ్ ఆర్డర్ రద్దు చేశాను.

గాలిమర

రద్దు ఎందుకండీ, వాయిదా వేయాల్సింది. స్ప్రింగులు మార్చాక కూడా 200లో స్టీరింగ్ తేలిగ్గా ఉంటే బంపర్ కింది అంచు నుంచి నేలకి ఎంత ఎత్తుందో కొలిచి పెట్టండి, స్ప్లిటర్ ఎంత బయటికి రావాలో చూద్దాం.

డంపర్ బాబాయ్

ఉండదు.

గాలిమర

చూద్దాం బాబాయ్.