ఎల్కో ద్వీపంలో 6 వారాల క్లినిక్ పోస్టింగ్: ఏం తెలుసుకుని వెళ్ళాలి?

కొత్త సభ్యురాలు, అడిలైడ్

అందరికీ నమస్కారమండీ. మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఫిబ్రవరి నుంచి 6 వారాలు ఆస్ట్రేలియా ఉత్తర కొసన, నార్తర్న్ టెరిటరీలోని ఎల్కో ద్వీపంలో, గాలివిన్కు ఊరి క్లినిక్‌లో పోస్టింగ్ వేశారు. అటువైపు ఇంతవరకు వెళ్ళలేదు. కాగితాలు, తిండి, బట్టలు, అక్కడ విద్యార్థితో ఏ పనులు చేయిస్తారు, ఏం చదువుకుని వెళ్ళాలి, ఏ పొరపాట్లు చేయకూడదు, తెలిసినవాళ్ళు కాస్త చెబుతారా? గుంటూరులో అమ్మానాన్న మ్యాప్ చూసినప్పటి నుంచి కంగారు పడుతున్నారు.

డార్విన్ నర్సక్క

చెల్లీ, ముందు కాగితాలు. ఓకర్ కార్డుకి ఇవాళే అప్లై చెయ్యి. పిల్లలున్న చోట పనిచేయడానికి టెరిటరీ ఇచ్చే క్లియరెన్స్ అది. వేరే రాష్ట్రం కార్డు ఉంది కదా అని ఊరుకోకు, చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. ఇంకొకటి పర్మిట్. నువ్వు వెళ్ళే ద్వీపం ఆర్నెమ్ ల్యాండ్ అనే ప్రాంతంలోది. అది 1976 భూహక్కుల చట్టం కింద ఆబోరిజినల్ ప్రజల, అంటే అక్కడి ఆదివాసుల సొంత భూమి. ఒకరి ఇంటి గడప తొక్కేముందు అడిగినట్టే అక్కడ అడుగుపెట్టడానికి అనుమతి అడగాలి. ఆ భూమి యజమానుల తరఫున నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ అనే సంస్థ ఇస్తుంది. నీ పేరు మీద క్లినిక్ వాళ్ళు తీసుకుంటారా, నువ్వే పెట్టుకోవాలా అన్నది మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. ఆ క్లినిక్ నడిపేది మివాచ్ హెల్త్, ఆ ప్రాంతం వాళ్ళే బోర్డులో కూర్చుని నడిపే సంస్థ.

ఫిబ్రవరి అంటే నడి వానాకాలం. 2015లో ఇదే నెలలో లామ్ తుపాను, మార్చిలో నేథన్ తుపాను, రెండూ ఆ ఊరి మీదే పడ్డాయి. విమానాలు ఆగిపోవడం అక్కడ మామూలు సంగతి కాబట్టి పోస్టింగ్ అయిన మర్నాడే పరీక్షో, ఇండియా టికెట్టో పెట్టుకోకు. కనీసం రెండు రోజులు వదులు ఉంచుకో. టార్చి, పవర్ బ్యాంకు, నీళ్ళ సీసాలు, నీ మందులు ఒక చిన్న సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఫోనుకి టెల్‌స్ట్రా సిమ్ వేసుకో.

తిండికి భయం లేదు. ఊళ్ళో స్టోరు ఉంది. సరుకంతా బార్జి (సరుకుల పడవ) మీద రావాలి గనక ధరలు మాత్రం ఎక్కువ, బార్జి ఆలస్యమైతే కూరగాయలు ఉండవు. బియ్యం అక్కడే కొనుక్కో. కందిపప్పు, పెసరపప్పు కలిపి మూడు కిలోలు, చింతపండు, కారం, పోపు గింజలు డార్విన్ ఇండియన్ షాపులో తీసుకో. చిన్న విమానం, సామాను బరువు పరిమితి తక్కువ, టికెట్ మీద చూసుకుని తూచి సర్దు. ఆవకాయ గాజు సీసాలో వద్దు. ప్లాస్టిక్ డబ్బా మూతకింద ప్లాస్టిక్ పొర పరిచి బిగించి, రెండు జిప్ సంచుల్లో పెట్టు. పైకెళ్ళాక గాలి ఒత్తిడి తగ్గి నూనె మూతలోంచి ఎగదన్నుతుంది.

మద్యం ఒక్క చుక్క కూడా సామానులో ఉండకూడదు. ఆ ఊరు మద్యం నిషేధించిన ప్రాంతం. ఎవరికో బహుమతిగా తీసుకెళ్తున్నానన్నా కుదరదు. సముద్రంలో దిగకు, మోకాలి లోతు నీళ్ళయినా సరే. ఉప్పునీటి మొసళ్ళు ఏడాది పొడవునా ఉంటాయి, ఈ కాలంలో బాక్స్ జెల్లీఫిష్ కూడా. బట్టలంటావా, వదులైన చుడీదార్లు సరిగ్గా సరిపోతాయి. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, కాళ్ళకు మూసి ఉన్న బూట్లుండాలి. ఈ కాలంలో మట్టిలో, బురదలో మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉంటుంది, గీరుకున్న పాదం చాలు అది ఒంట్లోకి రావడానికి.

రిమోట్ డాక్టర్, కేథరిన్

ఏం చదవాలి అన్నావు కదమ్మా. కార్పా మాన్యువల్ దింపుకో, మారుమూల క్లినిక్‌ల కోసం రాసిన వైద్య నియమాల పుస్తకం, నెట్‌లో ఉచితం. అక్కడ నర్సులు, ఆబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్లు దాని ప్రకారమే మందులిస్తారు. నువ్వు చదివిన పాఠ్యపుస్తకం ఒకలా చెప్పి, కార్పా ఇంకోలా చెబితే అక్కడ కార్పాదే మాట. ఆ హెల్త్ ప్రాక్టీషనర్లను దుబాసీలనుకోకు. 2012 నుంచి ఆఫ్రాలో (వైద్యవృత్తులని నమోదు చేసే జాతీయ సంస్థ) డాక్టర్లలాగే రిజిస్టర్ అయిన వృత్తి వాళ్ళది. ఆ ఊళ్ళో నీకు గురువులు వాళ్ళే.

ఆరు వారాల్లో ఒక్క పని శుభ్రంగా నేర్చుకుని రావాలంటే రుమాటిక్ జ్వరం పిల్లలకిచ్చే బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ నేర్చుకో. మిగతావన్నీ పెద్దాసుపత్రిలోనూ నేర్చుకోవచ్చు. స్ట్రెప్ అనే బాక్టీరియా సోకాక కీళ్ళనీ గుండె కవాటాలనీ పట్టే జబ్బు అది, మళ్ళీ రాకుండా ఈ సూది వేస్తారు.

లెక్క చూడు. 28 రోజులకొకటి అంటే ఏడాదికి 13. కనీసం 5 ఏళ్ళు అనుకున్నా 65 సూదులు. గుండె కవాటం దెబ్బతిన్నదంటే ఇంకా చాలా ఏళ్ళు. మందు స్థాయి నాలుగు వారాలకల్లా పడిపోతుంది. ఆ సందులో మళ్ళీ స్ట్రెప్ సోకితే జ్వరం తిరగబెట్టి కవాటం మీద ఇంకో మచ్చ వేసి పోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి మొదటి సూది నరకంలా అనిపిస్తే రెండోసారి నీ బండి చప్పుడు వినగానే మామిడిచెట్టు వెనక్కి పరిగెడుతుంది. కాబట్టి నొప్పి తగ్గించడం దయ మాత్రమే కాదు, వైద్యమే.

పిల్ల బరువు 20 కిలోలు, ఆపైన ఉంటే 12 లక్షల యూనిట్లు, అంతకు తక్కువైతే 6 లక్షలు. ఇండియాలో ఇదే మందు పెనిడ్యూర్ పేరుతో వస్తుంది, అది అంటే పొడి సీసా, నీళ్ళు కలపడం, చర్మంలోకి టెస్ట్ డోసు గుర్తొస్తాయి. ఇక్కడ మామూలుగా మందు నింపిన సిరంజే వస్తుంది, టెస్ట్ డోసు వెయ్యరు. పెన్సిలిన్ పడదా అని ప్రతిసారీ అడుగుతారు, అడ్రినలిన్ చేతికందేలా ఉంచుకుంటారు.

సిరంజిని ఫ్రిజ్‌లోంచి తీసి అరచేతుల మధ్య దొర్లించి గది వేడికి తేవాలి. చల్లటి మందు ఎక్కువ నొప్పి పెడుతుంది. స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వు, తడి మీద పొడిస్తే మంట. పొడిచే చోట బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కిపట్టు. తుంటి పక్క కండరం, లేదా తొడ బయటివైపు. ఆ తర్వాత 2–3 నిమిషాలు పట్టేలా, మెల్లగా, ఎక్కడా ఆపకుండా తొయ్యి. అందరూ తప్పేది ఇక్కడే. మందు సున్నపు తేటలా కాదు, చిక్కటి గంజిలా ఉంటుంది. మధ్యలో ఆపితే సూదిలో గడ్డకట్టి మూసుకుపోతుంది, రెండోసారి పొడవాల్సి వస్తుంది. సన్న సూదైతే నొప్పి ఉండదనుకుని మార్చినా అదే గతి. నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకెయిన్ కలపమంటారా అని పిల్లనీ తల్లినీ అడిగి, సీనియర్‌తో చెప్పి, కార్పా ప్రకారం చెయ్యి. ఎక్కడ పొడవాలో, ఏ వైపో పిల్లనే ఎంచుకోనివ్వు. ఆ ఎంచుకునే హక్కుతోనే సగం ఏడుపు పోతుంది.

ఇంకొకటి. ఒక్క మోకాలు వాచి జ్వరంతో వచ్చిన పిల్లాడికి ఐబుప్రోఫెన్ ఇవ్వమని తొందరపడకు. అది రుమాటిక్ జ్వరమే కావచ్చు. నొప్పి తగ్గి, జబ్బు గుర్తు కూడా మాయమవుతుంది. తేలేదాకా పారసెటమాల్. ఈ జనాభాలో ఒక్క కీలు వాపునే రుమాటిక్ జ్వరానికి పెద్ద లక్షణంగా లెక్కిస్తారు, నగరంలో నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు. కీల్లో చీము కాదని తేల్చుకోవాలి, ఈసీజీలో పీఆర్ (గుండె పై గది నుంచి కింది గదికి సంకేతం చేరే సమయం) చూడాలి, డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, ఎకోకి (గుండె స్కాన్) డార్విన్ పంపాలి.

మాటల మనిషి, నులన్‌బాయ్

డాక్టరుగారు సూది చెప్పారు, నేను మాట చెబుతా. అక్కడివాళ్ళు యోల్ఙు జనం, మాట్లాడేది యోల్ఙు మాత. ఇంగ్లీషు వాళ్ళకి మూడోదో నాలుగోదో భాష. నీకు రెండు విషయాల్లో తెలుగు బాగా కలిసొస్తుంది తల్లీ.

ఒకటి ఉచ్చారణ. త వేరు ట వేరు, న వేరు ణ వేరు అని నీకు ఒకరు చెప్పక్కర్లేదు, వాళ్ళ భాషలోనూ అంతే. మనం అక్షరమాలలో తప్ప వాడని ఙ అక్కడ మాట మొదట్లోనే వస్తుంది. అమ్మ అంటే ఙాండి. అద్దం ముందు నాలుగుసార్లు పలికి చూడు.

రెండోది బంధుత్వం. దాన్ని గురుటు అంటారు. అమ్మ అక్కచెల్లెళ్ళు కూడా ఙాండిలే, నాన్న అన్నదమ్ములు కూడా బాపలే. మనకి పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న ఉన్నట్టు. మేనమామ మాత్రం వేరు, ఙపిపి. "ఈ పిల్లకి ముగ్గురు తల్లులేంటి" అని ఇంగ్లీషు విద్యార్థులు ఫారం పట్టుకుని తికమకపడతారు. నువ్వు పడవు. అందుకే ఫారంలో తల్లి అని రాసేముందు "కన్నదెవరు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటోంది, సూదికి తీసుకొచ్చేదెవరు" అని మూడు వేరు వేరుగా అడుగు.

కొన్ని వరసలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఒకే గదిలో ఉండకూడదు, అల్లుడూ అత్తా వరస అలాంటిదే. వెయిటింగ్ హాల్లో ఒకాయన లోపలికి రాకుండా బయట ఎండలో నిలబడితే మొండితనం అనుకోకు, లోపల ఎవరున్నారో హెల్త్ ప్రాక్టీషనర్ని మెల్లగా అడుగు. ఆడవాళ్ళ ఒంటి విషయాలు ఆడవాళ్ళతోనే, మగవాళ్ళవి మగవాళ్ళతోనే. చనిపోయినవాళ్ళ పేరు పైకి అనకూడదు. రికార్డులో కనిపించినా సరే, "మీ అన్నయ్య" అని వరస పెట్టి అను.

"యో" అంటే అవును, "యక" అంటే కాదు. అడిగిన ప్రతిదానికీ యో వస్తోందంటే నీకు జవాబు రాలేదనే అర్థం. పెద్దమనిషిని నొప్పించకూడదని తలూపుతున్నారు. "నొప్పి ఉందా లేదా" అని జంట ప్రశ్న వెయ్యకు. "మందు వేసుకోలేదా" అంటే, మనం "ఆఁ, వేసుకోలేదు" అన్నట్టే వాళ్ళూ యో అంటారు, అది ఇంగ్లీషు యెస్ కాదు. "పొద్దున లేచాక ఏం చేశావో చెప్పు" అని మొదలుపెట్టి మాత్ర దాకా రానివ్వు. అడిగాక ఆగు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఎదురుగా కళ్ళలోకి చూస్తూ కాకుండా పక్కన కూర్చో. కనుబొమలు పైకెత్తితే అదీ అవునే, స్క్రీను వైపు చూస్తుంటే తప్పిపోతుంది. ఆపరేషన్ సమ్మతి, కొత్త జబ్బు చెప్పడం లాంటివాటికి ఆబోరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీసుని పిలవమని అడుగు. "ఆమెకి ఇంగ్లీషు వచ్చులే" అని ఎవరన్నా అన్నాసరే.

డార్విన్ నర్సక్క

చర్మం, చెవి మిగిలిపోయాయి, రోజూ నీ చేతికొచ్చేవి అవే. చర్మం మీద పుండ్లని చిన్నవిగా చూడకు. స్ట్రెప్ అక్కడ మొదలై కిడ్నీకి, గుండెకి దారి తీస్తుంది. పుండ్లకి కో-ట్రైమాక్సజోల్ 3 రోజులు రోజుకి రెండుసార్లు, లేదా ఒక్క పెన్సిలిన్ సూది, రెండూ బరువుని బట్టి. పుండ్ల కింద గజ్జి ఉందేమో వేళ్ళ సందుల్లో చూడు. గజ్జికి పెర్మెత్రిన్ 5 శాతం క్రీము తల మాడు నుంచి అరికాళ్ళ దాకా, చెవుల వెనక, గోళ్ళ కింద, రాత్రంతా ఉంచాలి, 7 రోజులకి మళ్ళీ. చెడిపోయేది రెండు చోట్ల: చేతులు కడుక్కుని మళ్ళీ రాసుకోకపోవడం, వచ్చిన పిల్లకి మాత్రమే ట్యూబు ఇచ్చి పంపడం. ఆ రాత్రి ఇంట్లో ఎంతమంది పడుకుంటారో అడిగి అందరికీ లెక్కగట్టి ఇవ్వు.

చీము కారే చెవికి చుక్కలకన్నా ముందు ఆరబెట్టడం ముఖ్యం. చీము మీద వేసిన మందు లోపలికి చేరదు. టిష్యూ కాగితం తీసుకుని దీపానికి వత్తి చేసినట్టు పురిపెట్టు. మెల్లగా చెవిలోకి దూర్చి అర నిమిషం ఉంచి తియ్యి, తడిగా వస్తే ఇంకోటి, పొడిగా వచ్చేదాకా. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు 5, చెవి ముందున్న గుబ్బని నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. వత్తి చెయ్యడం అమ్మమ్మకి కూడా నేర్పు, పిల్లని రోజూ చూసేది ఆవిడే.

రాత్రి కాల్‌కి ఒంటరిగా కదలకు. నర్సుతో, డ్రైవరుతో కలిసి మాత్రమే.

కొత్త సభ్యురాలు, అడిలైడ్

అందరికీ చాలా చాలా థాంక్సండీ. ఓకర్ కార్డు అప్లై చేసేశాను. ఒక్క సందేహం డాక్టరుగారూ. 28వ రోజున ఊళ్ళో అంత్యక్రియలుంటే, లేదా ఆ కుటుంబం వేరే ఊరు వెళ్ళి ఉంటే ఏం చేస్తారు?

రిమోట్ డాక్టర్, కేథరిన్

28 అన్నది గడువమ్మా, ముహూర్తం కాదు. 21వ రోజు నుంచే వెయ్యొచ్చు. సోమవారం పొద్దున సూది వేయాల్సిన పిల్లల జాబితా తియ్యగానే 21 దాటినవాళ్ళందరి పేర్లూ రాసుకుని, ఎవరింట్లో సంతాపం ఉందో, ఎవరు ప్రయాణంలో ఉన్నారో హెల్త్ ప్రాక్టీషనర్ని అడుగు. అంత్యక్రియలు వారాలు సాగుతాయి, జనం ఊళ్ళు మారతారు. బయల్దేరేముందే వేసెయ్యాలి. వెళ్ళిపోయారని తెలిస్తే ఆ ఊరి క్లినిక్‌కి నువ్వే ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ, చివరి డోసు తేదీ చెప్పి, ఫోను ఎత్తినవారి పేరు రికార్డులో రాయి. డోసు పడ్డాక వాళ్ళు తిరిగి చెప్పేదాకా ఆ పేరు నీ జాబితాలోంచి కొట్టెయ్యకు.